ఖాళీ లేని కుర్చీలు

మా ఊళ్లో రెండు చోట్ల కుర్చీలు కొత్తవిలా ఉంటాయి. ఒకటి గోనె మిల్లు కార్మిక సంఘం కార్యాలయం. రెండోది మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల హంసవాహిని సిల్క్స్. రెండు చోట్లా కారణం ఒక్కటే. వాటి మీద ఎవరూ కూర్చోరు.

ముందు సిల్క్స్ వారి కుర్చీల సంగతి చెబుతాను. వెనకటి రోజుల్లో బట్టల కొట్లో కుర్చీల ప్రసక్తే లేదు. నేల మీద పరుపు, పరుపు మీద తెల్లదుప్పటి. చీరలు చూపించే గుమాస్తా ఇటు, కొనేవాళ్లు అటు, అందరూ బాసింపట్టు వేసుకునే బేరమాడేవాళ్లు. తరువాత అద్దాల బల్లలు వచ్చాయి. కొనేవాళ్లకు స్టూళ్లు వచ్చాయి. చూపించే ఆడపిల్లలకు ఏదీ రాలేదు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా వాళ్లు నిలబడే ఉంటారు.

ఇది గమనించి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి దుకాణంలోనూ సిబ్బంది కోసం "తగినన్ని ఆసనములు ఏర్పాటు చేయవలెను" అని అందులో ఉంది. మంచి ఉత్తర్వు. హంసవాహిని వారు చట్టానికి తలవంచే మనుషులు కనుక వారం తిరక్కుండా ఎర్ర వెల్వెట్ కుర్చీలు ఆరు తెప్పించి, పట్టుచీరల అంతస్తులో గోడవారగా వరసగా వేశారు. మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంచారు. పైన బోర్డు కూడా పెట్టారు: "ఇవి మా సిబ్బంది ఆసనాలు. సిబ్బంది సంక్షేమమే మా సౌభాగ్యం."

ఆ అంతస్తులో నూకరత్నం పనిచేస్తుంది. నేను పాఠాలు చెప్పిన బడిలో చదువుకున్న పిల్ల. ఇరవై మూడేళ్లకే పిక్కల మీద నరాలు నీలంగా ముడులు పడ్డాయి. గంటకోసారైనా కాసేపు కూర్చోకపోతే కాళ్లకు ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు. కాబట్టి కుర్చీలు రాగానే అందరికంటే సంతోషించినది ఆమె. మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక వెళ్లి కూర్చుంది. ఫ్లోర్ మేనేజర్ చక్రధర్ గారు మెట్లు దిగి వచ్చారు.

"రత్నం, ఏం చేస్తున్నావమ్మా?"

"కూకున్నాను సార్."

"అది కనిపిస్తూనే ఉంది. ఎందుకు?"

"కుర్చీ ఉంది కదా సార్."

"గోడకి ఆ ఎర్ర సిలిండర్ కూడా ఉంది. మంటలార్పేది. అది ఉంది కదా అని రోజూ తీసి చల్లుకుంటున్నామా?"

రత్నం లేచి నిలబడింది. చక్రధర్ గారు కోపిష్టి కాదు. సిబ్బందిని "మన ఫ్యామిలీ" అనే పిలుస్తారు. ఉత్తర్వులో ఏర్పాటు చేయమని ఉంది గాని కూర్చోనివ్వమని ఎక్కడా లేదని నెమ్మదిగా వివరించి, అయినా న్యాయంగా ఉండాలని కార్మిక శాఖకు లేఖ రాశారు. సహాయ కార్మిక అధికారి సదానందరావు గారి నుంచి జవాబు వచ్చింది.

"ఆసనముల ఏర్పాటు ఒక అంశము. ఆసనముల వినియోగము మరియొక అంశము. మొదటిది ఉత్తర్వు పరిధిలో ఉన్నది. రెండవది పరిశీలనలో ఉన్నది. పరిశీలన పూర్తియగు వరకు సదరు ఆసనములను యథాస్థితిలో భద్రపరచవలెను."

భద్రపరచాలంటే కాపలా ఉండాలి. కుర్చీల విషయంలో ఇంతకుముందే ఆసక్తి చూపినందువల్ల ఆ పని రత్నానికి ఇచ్చారు. "ఆసన పర్యవేక్షకురాలు" అని జాకెట్టుకు బ్యాడ్జీ పెట్టారు. ఆ రోజునుంచి ఆమె ఆరు ఖాళీ కుర్చీల పక్కన, ఎవరూ కూర్చోకుండా చూస్తూ, రోజంతా నిలబడింది.

ఇక సంఘం కుర్చీల సంగతి.

మిల్లు నడిచే రోజుల్లో కూలి అన్నవాడు ఆఫీసు బల్ల ముందు చేతులు కట్టుకు నిలబడవలసిందే. అందుకని సంఘం పెట్టినవాళ్లు చేసిన మొదటి పని, ప్రతి సభ్యుడికీ ఒక మామిడి చెక్క కుర్చీ చేయించి వీపు మీద పేరు చెక్కించడం. సభ్యత్వం అంటే కుర్చీ. మిల్లు మూతపడ్డాక కొత్త కుర్చీలు చేయించే అవసరం రాలేదు. ఉన్న సభ్యులు ఒక్కొక్కరే పోతూ వచ్చారు. పోయినవారి కుర్చీలో వారి ఫొటో పెట్టి గంధపు దండ వేస్తారు. అమరులు సంఘాన్ని వీడిపోరని నియమావళిలో ఏకగ్రీవంగా చేర్చారు. ఇప్పుడు సభ జరిగితే ముందు వరసలో నలుగురైదుగురు మనుషులు, వెనక అంతా ఫొటోలు. కోరం ఎప్పుడూ తగ్గదు.

కిటికీ పక్క కుర్చీలో కొత్త ఫొటో పార్వతిది. సంచుల కుట్టు విభాగంలో పనిచేసేది. నా భార్య. నేను సంఘం సభ్యుణ్ని కాను. తీర్మానాలూ కరపత్రాలూ రాసిపెడతానని, గుమ్మం పక్క బల్ల మీద నాకు చోటిచ్చారు. అక్కడినుంచి కిటికీ కనిపిస్తుంది.

ఆ ఏడాదిని సంఘం "యువ శ్రామిక సంవత్సరం"గా ప్రకటించింది. యువత రాకపోతే ఉద్యమానికి భవిష్యత్తు లేదని అధ్యక్షుడు బెవర అప్పలస్వామి గారు గట్టిగా నమ్ముతారు. యువజన కన్వీనరుగా సూర్యనారాయణ గారిని నియమించారు. సంఘంలో అందరికంటే చిన్నవాడు ఆయనే. కంటి శుక్లాల ఆపరేషన్ ఒక్కటే అయింది, రెండో కంటి శుక్లం ఇంకా ముదరలేదు.

ఒక ఆదివారం "యువతను ఆకర్షించుట ఎట్లు" అనే అంశం మీద సభ జరుగుతోంది. గుమ్మంలో రత్నం, ఆమె వెనక తనూజ అనే పిల్ల, ఇంకా నలుగురు సిల్క్స్ ఆడపిల్లలు వచ్చి నిలబడ్డారు.

"ఎవరమ్మీ?" అన్నారు అప్పలస్వామి గారు.

"హంసవాహినిలో పనిసేస్తామండి. మా కష్టం సెప్పుకుందారని వచ్చినాం."

"సభ అవుతోంది కదా. కూసింత ఆగండి. యువత గురించి మాటాడుతున్నాం."

వాళ్లు ఆగారు. గుమ్మంలో నిలబడే ఆగారు. సూర్యనారాయణ గారు యువత సెల్‌ఫోన్లలో మునిగిపోయిందనీ, పోరాటం అంటే తెలియదనీ, పిలిచినా సంఘం గడప తొక్కరనీ ఆవేదనతో చాలాసేపు మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. తనూజ కూడా కొట్టింది.

ఆ తరువాత రత్నం జరిగింది చెప్పింది. అప్పలస్వామి గారి కళ్లు ఎర్రబడ్డాయి. నటన కాదు. మిల్లు రోజుల్లో లాఠీ తిన్న మనిషి.

"నిలబెట్టీసినారా? ఆడపిల్లల్ని? మా కాలంలో అయితే ఈపాటికి షట్టరు దింపించీసేవోళ్లం. మేష్టారూ, రాయండి. తీవ్రంగా ఖండిస్తున్నాం."

నేను రాశాను.

"మరి మమ్మల్ని సంఘంలో సేర్చుకుంటారా తాతా?" అంది రత్నం.

"ఎందుకు సేర్చుకోం? గోనె కుట్టినా పట్టు మడిసినా కార్మికుడు కార్మికుడే. నియమావళి మొన్నే సవరించాం. ఒక్క కుర్చీ ఖాళీ అయితే సాలు."

రత్నం హాలంతా చూసింది. "ఇన్ని ఉన్నాయి కదా."

"ఉన్నాయి గాని ఖాళీ లేవమ్మా. అన్నిట్లోనూ మనుషులున్నారు." ఫొటోల వైపు చెయ్యి చూపించారు. "ముందు పోరాటం మొదలెడదాం. సభ్యత్వం సంగతి తరవాత."

పోరాటం మొదలైంది. సిల్క్స్ ఎదురుగా షామియానా వేసి "కూర్చునే హక్కు సాధన సభ" పెట్టారు. వేదిక మీద వక్తలకు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సిల్క్స్ ఆడపిల్లలు భోజనం విరామంలో వచ్చి, సభ అయ్యేదాకా వక్తలకు నిలబడి మంచినీళ్లు అందించారు. యువత ఉత్సాహంగా పాల్గొందని మర్నాడు పేపర్లో వచ్చింది.

దాంతో శాఖ కదిలింది. సదానందరావు గారు క్షేత్రస్థాయి పరిశీలనకు స్వయంగా వస్తున్నట్టు నోటీసు ఇచ్చారు. అధికారులూ యాజమాన్యమూ సంఘమూ కలిసి పట్టుచీరల అంతస్తులోనే త్రైపాక్షిక సమావేశం జరపాలని నిర్ణయమైంది. పెళ్లిళ్ల రోజులు. జనం బాగానే ఉన్నారు. సదానందరావు గారు వచ్చి ఎర్ర కుర్చీలను అటూ ఇటూ చూసి, మొదటి దాంట్లో కూర్చున్నారు. ఆయన గుమాస్తా, చక్రధర్ గారు, అప్పలస్వామి గారు, కార్యదర్శి అప్పారావు గారు, యువజన కన్వీనరు గారు మిగతా అయిదింటిలో కూర్చున్నారు. ప్లాస్టిక్ కవర్లు కిర్రుమన్నాయి. నేను పక్కన నిలబడి మినిట్స్ రాస్తున్నాను.

రత్నం బ్యాడ్జీ సర్దుకుని ముందుకు వచ్చింది.

"సార్, లెగండి."

"ఏమిటమ్మాయీ?" అన్నారు సదానందరావు గారు.

"వీటి మీద ఎవులూ కూకోకూడదు సార్. యథాస్థితి. తమరే రాసినారు."

గుమాస్తా లేవబోయాడు. సదానందరావు గారు చేత్తో ఆపారు.

"అమ్మాయీ, మేము చేస్తున్నది వినియోగం కాదు. పరిశీలన. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఫైలులో వేరుగా ఉంటాయి."

సమావేశం సామరస్య వాతావరణంలో సాగింది. కూర్చోవడం ఒక సంస్కృతి అనీ, అలవాటు లేని యువతకు ఒక్కసారిగా ఇస్తే అలసత్వానికి దారితీస్తుందనీ చక్రధర్ గారు చెప్పారు. సదానందరావు గారు దశలవారీ విధానం ప్రతిపాదించారు. మొదటి దశలో సిబ్బంది గోడకు ఆనుకోవచ్చు. దాని ఫలితాలను మూల్యాంకనం చేశాక రెండో దశలో బల్ల అంచు మీద ఒరగవచ్చు. మూడో దశ గురించి కమిటీ వేస్తారు.

"ఆనుకోవడం అంటే ఎలగ?" అన్నారు అప్పలస్వామి గారు అనుమానంగా.

"ఒక భుజం," అన్నారు చక్రధర్ గారు.

"కుదరదు. రెండు భుజాలూ ఆనాలి. కార్మికుడి వెన్ను విషయంలో సంఘం రాజీపడదు."

అరగంట వాదన జరిగింది. అప్పలస్వామి గారు ఒకసారి లేచి వెళ్లిపోతానని కూడా అన్నారు. చివరికి యాజమాన్యం దిగివచ్చి రెండో భుజం ఒప్పుకుంది. సంఘం చాలా ఏళ్లకు సాధించిన విజయం అది. సూర్యనారాయణ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

రత్నం అంతా విని, "సార్, ఒక మాట," అంది. "కుర్చీలన్నీ తమరి పరిశీలనలో ఉన్నాయి. ఇప్పుడు నాను కాపలా కాసీదేటీ లేదు కదా."

"లేదు," అన్నారు సదానందరావు గారు.

"అయితే మంచిది," అని ఆమె అక్కడే నేల మీద కూర్చుని కాళ్లు చాపుకుంది.

సదానందరావు గారు ఉత్తర్వు తిరగేశారు. అందులో నేల ప్రస్తావన లేదు. తనూజ బీరువాలోంచి తెల్లదుప్పటి తెచ్చి పరిచింది. ఒకరి తరువాత ఒకరు ఆడపిల్లలంతా వచ్చి కూర్చున్నారు. స్టూలు మీద కూర్చుని పెళ్లిచీరలు చూస్తున్న ఒక పెద్దావిడ, "అమ్మయ్య, పూర్వం ఇలగే కూకుని సూపించీవోరు. ఆ స్టూలు మీద నా నడుం పడిపోనాది," అంటూ దిగివచ్చి దుప్పటి మీద చతికిలబడింది. ఆవిడ కోడళ్లూ దిగారు. "ఓలమ్మీ, ఆ మామిడిపిందెల అంచు ఇటు పరువు," అంది ఆవిడ. ఆ గంటలో ఆ అంతస్తులో బేరాలు దివ్యంగా జరిగాయి. ఎర్ర కుర్చీల్లోని ఆరుగురూ ఎత్తునుంచి చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రం రత్నాన్ని సస్పెండ్ చేశారు. "సంస్థకు చెందిన నేలను ఆసనముగా దుర్వినియోగము చేసినందుకు" అని కాగితంలో ఉంది. ఆమె ఇంట్లో ఆ జీతమే ఆధారం. కాళ్లకు మందులూ అందులోంచే. ఆమె కార్మిక శాఖకు వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"విడిగా మనిషి ఇస్తే అది అర్జీ," అన్నారు సదానందరావు గారు. "అర్జీని ఫైలులో పెడతాం. సంఘం తన సభ్యురాలి తరఫున ఇస్తే అది వివాదం. వివాదానికి తేదీ ఇస్తాం, విచారణ చేస్తాం. మీరు ఏ సంఘం?"

"ఏ సంఘమూ కాదండి. మేవే కొత్తది పెట్టుకుంటే?"

"భేషుగ్గా పెట్టుకోవచ్చు. సంతకాలు చేసినవారి పేర్లు మీ యాజమాన్యానికి పంపుతాం. వాళ్లు తమ సిబ్బందేనని యాజమాన్యం ధ్రువీకరించాలి."

"ధ్రువీకరించేలోగా పీకీస్తారు కదండి."

"అప్పుడు సిబ్బంది కాదు కాబట్టి ధ్రువీకరించనక్కరలేదు. విధానం సరళీకృతం చేశాం."

ఆ ఆదివారం సంఘం అత్యవసర సభ. రత్నం, తనూజ, మిగతా ఆడపిల్లలు అలవాటుగా గుమ్మంలో నిలబడ్డారు. రెండో భుజం సాధించినందుకు అభినందన తీర్మానం అయ్యాక రత్నం సభ్యత్వం చర్చకు వచ్చింది. వ్యతిరేకించినవారు ఒక్కరూ లేరు. అందరికీ ఆ పిల్ల మీద జాలే. కుర్చీ ఒక్కటే అడ్డం.

"కొత్తది సేయించీద్దాం," అన్నారు సూర్యనారాయణ గారు.

"సేయించాలంటే మహాసభ ఆమోదం కావాల," అన్నారు కార్యదర్శి. "మహాసభకి మూడొంతుల సభ్యులు సెయ్యెత్తాల. వీళ్లు ఎత్తలేరు కదా." ఫొటోల వైపు చూశారు. ఫొటోలు కూడా ఏమీ చేయలేమన్నట్టే చూశాయి.

"తాతా, నా కాళ్లు సూడండి," అంది రత్నం. కోపంగా అనలేదు. పరికిణీ అంచు కొంచెం ఎత్తింది. అప్పలస్వామి గారు చూసి తల తిప్పుకున్నారు.

"ఏటి సెయ్యమంటావమ్మా. నియమం. మా పెద్దోళ్లు నెత్తురోడ్చి తెచ్చుకున్న కుర్చీలవి."

నేను బల్ల మీదనుంచి ఒక కాగితం తీసుకుని రాసి కార్యదర్శికి ఇచ్చాను. ఆయన పైకి చదివారు.

"సభ్యురాలు పార్వతి రాజీనామా..." ఆగిపోయారు. "మేష్టారూ, ఇదేటి?"

"రాజీనామా పత్రం."

"సచ్చిపోయినోళ్లు రాజీనామా ఇవ్వలేరు కదా బాబూ," అన్నారు అప్పలస్వామి గారు మెత్తగా.

"చనిపోయినవారు సభ్యులేనని నియమావళిలో ఉంది. సభ్యులు ఎప్పుడైనా రాజీనామా చేయవచ్చనీ ఉంది."

కార్యదర్శి నియమావళి తెరిచి చాలాసేపు చూశారు. రెండూ ఉన్నాయి. "సంతకం?" అన్నారు.

"ఎప్పుడూ ఆమె కాగితాలు నేనే రాసేవాణ్ని. వేలిముద్ర వేసేది. ఇప్పుడు వీలుపడదు."

"కారణం రాయాల కదా."

"రాశాను. చదవండి."

ఆయన చదివారు. "ఇకపై కూర్చోవలసిన అవసరం లేనందున."

అప్పలస్వామి గారు నా వైపు చూశారు. పార్వతి మొదటిసారి సమ్మెకు వచ్చినప్పుడు ఆమెకు జెండా ఇచ్చింది ఆయనే. "ఆమోదించీసినాం," అన్నారు. చెయ్యి ఎత్తమని ఎవరినీ అడగలేదు.

నేను కిటికీ దగ్గరికి వెళ్లి కుర్చీలోని ఫొటో చేతిలోకి తీసుకున్నాను. దండ కుర్చీకి చిక్కుకుంది, విడదీయడానికి కొంచెంసేపు పట్టింది. కుర్చీ మీద దుమ్ము రుమాలుతో తుడిచాను.

"పార్వతమ్మ గారి కుర్చీలో నానెలగ కూకుంటాను మేష్టారూ," అంది రత్నం.

"కూర్చో అమ్మా. ఇప్పుడది ఖాళీ."

ఆమె కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్లు కొంచెం చాపుకుంది. కార్యదర్శి గొంతు సవరించుకుని, కొత్త సభ్యురాలికి స్వాగతం చెప్పి, తరువాతి అంశం చదివారు: "యువతను ఆకర్షించుట ఎట్లు."

"అది మొన్న అయిపోనాది కదండీ," అంది రత్నం. "ఆ తరవాతది సదవండి."

తరువాతది లేదు. ఏళ్ల తరబడి సంఘంలో ఆ ఒక్క అంశమే ఉంది. అప్పుడు తనూజ లోపలికి వచ్చి, వరసలో ఒక ఫొటో ముందు వంగి, "ఈ మీసాల తాత ఎవులండీ?" అని అడిగింది.

"మా నాన్న," అన్నారు సూర్యనారాయణ గారు. లేచి ఆ ఫొటో దగ్గరికి వచ్చారు. "మేష్టారూ, ఒక కాగితం ఇస్తారేటి?"

వివాదం నమోదైంది. విచారణకు తేదీ వచ్చింది. "ఇరుపక్షములు సామరస్యముగా కూర్చుని మాట్లాడుకొనవలెను" అని నోటీసులో ఉంది. ఆ రోజు కార్మిక శాఖ వరండాలో బోర్డు ఎప్పటిలాగే ఉంది: "కార్మికులు వరుసలో నిలబడవలెను." లోపల కుర్చీలు రెండు. ఒకటి అధికారిది, రెండోది యాజమాన్యానిది. చక్రధర్ గారు అప్పటికే కూర్చున్నారు.

రత్నం మామిడి కుర్చీ నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చింది. వెనక తనూజ ఒకటి, ఇంకొక పిల్ల ఒకటి. అప్పలస్వామి గారు తన కుర్చీ తానే మోసుకుని, ఆయాసపడుతూ చివర వచ్చారు.

"ఇవేమిటి?" అన్నారు సదానందరావు గారు.

"ఆసనాలు సార్," అంది రత్నం.

"బయటి ఆసనాలను లోపలికి అనుమతించే విషయం పరిశీలించాలి."

"పరిశీలించండి సార్. మేం ఆగుతాం."

ఆమె కుర్చీ బల్లకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. తన పేరు చెక్కిస్తామని సంఘం అన్నా, కుర్చీ వీపు మీది పాత పేరు చెరపనివ్వలేదు. మినిట్స్ రాయడానికి నేను వెనక నిలబడ్డాను. అక్కడినుంచి ఆ పేరు బాగా కనిపిస్తుంది.